మర్దనకు ఏ నూనె? ఎంపికకు ముందు తెలుసుకోవలసిన సంగతులు

క్లుప్తంగా: మర్దన వల్ల కలిగే హాయిలో ఎక్కువ పాలు చేతిది. నూనె పని చెయ్యి సాఫీగా జారేటట్టు చూడటం, చర్మపు పై పొరలో తేమను నిలపడం, ఆ పొరను చెడగొట్టకుండా ఉండటం. అందుచేత ధర, పరిమళం, ప్రకటనల కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉంది, రాయించుకునేవారి వయసెంత, వారి చర్మం పొడిదా, జిడ్డుదా, పుండ్లూ దద్దుర్లూ ఉన్నాయా, నూనె తాజాగా ఉందా అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

తికమక ఎక్కడ మొదలైంది

ఒంటికి నువ్వుల నూనె, పసిపిల్లల మాడుకు ఆముదం, తలకు కొబ్బరి నూనె అన్నది తెలుగు ఇళ్ళలో చాలాకాలం నడిచిన వాడుక. నరక చతుర్దశికీ, భోగికీ, ఉగాదికీ తలంటి పోసుకునేటప్పుడు ఏ నూనె అన్న చర్చకు పెద్దగా తావుండేది కాదు. ఇంట్లో ఉన్న నూనెనే కాస్త గోరువెచ్చగా చేసి ఒళ్ళంతా పట్టించి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్ళు పోసేవారు. ఇప్పుడు అదే పనికి దుకాణంలో బాదం, ఆలివ్, జొజోబా, ద్రాక్ష గింజల నూనెలూ, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌తో చేసిన బేబీ ఆయిళ్ళూ, ఆయుర్వేద తైలాలూ, స్పాలు వాడే సుగంధ మిశ్రమాలూ వరుసగా కనిపిస్తున్నాయి. ఊరూరా వెలసిన కట్టె గానుగలు వీటికి తోడయ్యాయి. ఇన్ని నూనెలు ఉన్నా లేబుళ్ళ మీద ఉండే మాటలు మాత్రం దాదాపు ఒకటే: ఒత్తిడి తగ్గిస్తుంది, రక్తప్రసరణ పెంచుతుంది, ఎముకలకు బలం ఇస్తుంది, విషపదార్థాలను బయటికి పంపుతుంది. ఇంట్లో పెద్దవారు ఒక మాట, పిల్లల వైద్యులు ఒక మాట, అంతర్జాలం మరొక మాట చెప్పడంతో, ముఖ్యంగా తొలి కాన్పు అయిన తల్లులు ఏది నమ్మాలో తేల్చుకోలేకపోతున్నారు. ఈ మాటల్లో నిలిచేవి ఏవో తెలియాలంటే ముందు చర్మం నూనెను ఎలా స్వీకరిస్తుందో చూడాలి.

నూనె ఎంత లోతుకు వెళుతుంది

చర్మంలో అన్నిటికంటే పైపొర కాగితం కంటే పలచన, అయినా చాలా గట్టిది. దాని నిర్మాణం ఇటుకల గోడను పోలి ఉంటుంది: చదునైన మృతకణాలు ఇటుకలు కాగా, సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన పదార్థం వాటి నడుమ సున్నం. ఈ సున్నం సరిగా ఉన్నంతకాలం లోపలి నీరు ఆవిరైపోదు, బయటి సూక్ష్మజీవులు లోపలికి రావు.

ఈ గోడను దాటి లోపలికి వెళ్ళగలిగేవి చిన్న అణువులే. సుమారు 500 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువుకు కొలమానం) కంటే పెద్ద అణువులు ఆరోగ్యకరమైన చర్మం గుండా లోపలికి ఇంకడం కష్టమని చర్మశాస్త్రంలో వాడుకలో ఉన్న ఒక అంచనా. వంటనూనెల్లో ప్రధాన పదార్థమైన ట్రైగ్లిజరైడ్ అణువు బరువు కొబ్బరి నూనెలో దీనికి కొంచెం పైన, మిగతా చాలా నూనెల్లో 850 నుంచి 900 డాల్టన్ల దాకా ఉంటుంది. చర్మంపై రాసిన నూనె ఎంత లోతుకు పోయిందో పరికరాలతో కొలిచినప్పుడు కూడా, వృక్ష నూనెలూ మినరల్ ఆయిలూ పైపొరలోని మొదటి కొద్ది వరుసల్లోనే నిలిచిపోయినట్టు తేలింది. ఒంటికి పట్టించిన నూనె ఎముకల దాకా వెళ్ళి బలం ఇస్తుందనడానికి, విషాలను లాగేస్తుందనడానికి ఈ లెక్కలో చోటు లేదు. శరీరంలోని వ్యర్థాలను వడకట్టే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ.

అంతమాత్రాన నూనె నిరుపయోగమనుకుంటే పొరపాటు. పైపొరలో నిలిచిపోవడమే దాని ఉపయోగం. అది నీరు ఆవిరి కావడాన్ని నెమ్మదింపజేస్తుంది, గరుకుదనాన్ని తగ్గిస్తుంది, పొడిచర్మపు దురదను తగ్గిస్తుంది. పైగా ఈ నియమానికి మూడు ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల చర్మం ఇంకా పూర్తిగా రూపొందకపోవడం వల్ల దాని గుండా చాలా పదార్థాలు లోపలికి పోతాయి. తామర (ఎగ్జిమా), గాయాలు ఉన్న చోట గోడ ముందే బీటలు వారి ఉంటుంది. మూడోది, నూనెలో కలిపే కర్పూరం, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ వంటి పదార్థాల అణువులు చాలా చిన్నవి, అవి సులువుగా లోపలికి ఇంకుతాయి. నూనెల వల్ల వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఈ మూడింటి దగ్గరే మొదలవుతాయి.

లినోలీక్, ఒలీక్: అసలు తేడా ఇక్కడ

నూనెలను వేరుచేసి చూడటానికి ఉపయోగపడే ముఖ్యమైన కొలత వాటిలోని రెండు కొవ్వు ఆమ్లాల్లో లినోలీక్ ఆమ్లం ఎంత, ఒలీక్ ఆమ్లం ఎంత అన్నది. చర్మం తన సెరమైడ్లలో కొన్నింటిని తయారు చేసుకోవడానికి లినోలీక్ ఆమ్లాన్ని వాడుకుంటుంది. ఒలీక్ ఆమ్లం ఇందుకు భిన్నంగా పైపొరలోని కొవ్వుల క్రమాన్ని సడలిస్తుంది. మందు చర్మం గుండా లోపలికి పోవడానికి ఔషధ తయారీదారులు ఒలీక్ ఆమ్లాన్ని సహాయకంగా వాడేది ఈ గుణం వల్లనే.

ఆలివ్ నూనెలో సగానికి పైగా ఒలీక్ ఆమ్లమే. 2013లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో పెద్దల ముంజేతులకు కొన్ని వారాలు ఆలివ్ నూనె రాస్తే పైపొర పటుత్వం తగ్గి స్వల్పంగా ఎరుపు వచ్చింది. పొద్దుతిరుగుడు నూనె రాసినప్పుడు అలా జరగలేదు. అదే దేశంలో ఆ తర్వాత నవజాత శిశువులపై చేసిన పరిశీలనలో మాత్రం ఆలివ్, పొద్దుతిరుగుడు నూనెలు రెండూ పైపొర కొవ్వులు క్రమంగా అమరడాన్ని కొంత ఆలస్యం చేసినట్టు కనిపించింది. అంటే పెద్దల చర్మానికి సరిపడిన ముగింపును రోజుల పసికందుకు యథాతథంగా అన్వయించలేం.

మరోవైపు బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని ఒక శిశు ఆస్పత్రిలో, 33 వారాలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాసి చూశారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏమీ రాయని శిశువులతో పోలిస్తే వారికి ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. ఈ సంఖ్యను బేబీ ఆయిళ్ళ ప్రచారంలో ఎక్కడపడితే అక్కడ వాడటం సరికాదు. అది ప్రాణాపాయ స్థితిలో, వైద్యుల పర్యవేక్షణలో ఉన్న శిశువుల సంగతి; తొమ్మిది నెలలూ నిండి ఇంట్లో ఆడుకునే పాపకు అదే లాభం కలుగుతుందని దాని అర్థం కాదు.

ఇంకొక మెలిక కూడా ఉంది. పొద్దుతిరుగుడు నూనె అన్నంత మాత్రాన లినోలీక్ ఎక్కువ ఉందని చెప్పలేం. వేపుళ్ళకు బాగా నిలవాలని, ఒలీక్ ఆమ్లం ఎక్కువగా ఉండేలా పెంచిన పొద్దుతిరుగుడు రకాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. చర్మం కోసం కొనేవారు ‘హై ఒలీక్’ అన్న మాట లేబుల్ మీద ఉందేమో చూసుకోవడం మంచిది.

మన ఇంటి నూనెలు

నువ్వుల నూనె ఈ లెక్కలో మధ్యేమార్గం. అందులో లినోలీక్, ఒలీక్ ఆమ్లాలు ఒక్కొక్కటి దాదాపు 40 శాతం చొప్పున ఉంటాయి. సెసమిన్, సెసమోలిన్ వంటి సహజ పదార్థాలు ఉండటం వల్ల అది తొందరగా కనరు వాసన పట్టదు. మరీ పలచన కాదు, మరీ చిక్కన కాదు. అందువల్ల చెయ్యి ఒంటిపై చాలాసేపు సాఫీగా నడుస్తుంది. ఆయుర్వేదంలో మర్దన తైలాలకు నువ్వుల నూనెను మూలంగా ఎంచుకోవడానికి శాస్త్రకారులు చెప్పిన కారణాలు వేరైనా, పదార్థ గుణాల రీత్యా కూడా అది సహేతుకమైన ఎంపికే. ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగ హృదయంలోని దినచర్యాధ్యాయం అభ్యంగాన్ని, అంటే ఒంటికి నూనె పట్టించి మర్దించడాన్ని, రోజూ చేయమంటూనే, అజీర్ణం ఉన్నవారు, కఫం ప్రకోపించినవారు, వాంతి, విరేచనాల వంటి శోధన చికిత్స చేయించుకున్నవారు మానుకోవాలని కూడా చెప్పింది. ప్రచారంలో మొదటి మాట వినిపించినంతగా రెండో మాట వినిపించదు.

కొబ్బరి నూనె తీరు పూర్తిగా వేరు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం, మొత్తం మీద సంతృప్త కొవ్వులే అత్యధికం. అందుకే అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అందుకే ఎక్కువకాలం పాడవకుండా నిలుస్తుంది. లారిక్ ఆమ్లానికి కొన్ని బాక్టీరియాలను అణచే గుణం ఉంది. తామర ఉన్న పిల్లలపై ఫిలిప్పీన్స్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, 8 వారాల పాటు రాసిన వర్జిన్ కొబ్బరి నూనె మినరల్ ఆయిల్ కంటే మెరుగైన ఫలితం ఇచ్చింది. అయితే ముఖంపై మొటిమలు వచ్చేవారికి అది రోమకూపాలను మూసే ప్రమాదం ఉంది. చుండ్రు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలనే ఆహారంగా తీసుకుంటుంది, కనుక చుండ్రు ఉన్న తలకు గంటల తరబడి నూనె పట్టించి ఉంచితే అది తగ్గకపోగా పెరగవచ్చు. ‘తల ఎండిపోయి పొట్టు రాలుతోంది, నూనె పెట్టు’ అన్న సలహా ఎంత ప్రేమతో ఇచ్చినా చాలామందికి పనికిరాదు.

ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలీక్ ఆమ్లం. దాని నిర్మాణం వల్లనే ఆముదానికి అంత చిక్కదనం, అంత జిగట. చర్మాన్ని మూసి తేమను బాగా నిలుపుతుంది కాబట్టి పగిలిన మడమలకు, మోచేతులకు సరిపోతుంది. ఒళ్ళంతా మర్దన చేయడానికి మాత్రం ఒంటరిగా పనికిరాదు. చెయ్యి జారదు, లాగుతుంది, పసివారి చర్మంపై ఆ రాపిడి మంచిది కాదు. నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో కొద్దిగా కలిపి వాడితే ఈ ఇబ్బంది తీరుతుంది. గింజల్లో ఉండే రిసిన్ అనే విషం నూనెలో కరగదు, పిండిలోనే మిగిలిపోతుంది. కనుక వంటాముదమైనా, శుద్ధి చేసిన ఆముదమైనా చర్మానికి ఆ భయం అక్కర్లేదు.

ఆవనూనె తెలుగునాట అంతగా అలవాటు లేనిది. ఉత్తరాదిలో, బెంగాల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇరుగుపొరుగు నుంచి ఈ సలహా తరచుగా అందుతుంది. దాని ఘాటుకు కారణమైన అల్లైల్ ఐసోథయోసయనేట్ చర్మాన్ని మండించి వెచ్చదనపు అనుభూతి ఇస్తుంది. చలిదేశంలో అది హాయిగా తోచడం సహజం. కానీ మంట కూడా ఒక రకమైన హానే. 2002లో ఎలుకల చర్మంపై చేసిన ప్రయోగంలో పొద్దుతిరుగుడు నూనె పైపొర కోలుకోవడానికి తోడ్పడగా ఆవనూనె దాన్ని ఆలస్యం చేసింది. దీనికి తోడు కల్తీ ప్రమాదం: బలురక్కసి అనే ముళ్ళ కలుపు మొక్క గింజల నూనె కలిసిన ఆవనూనె వల్ల 1998లో ఢిల్లీలో ఒళ్ళు వాచే వ్యాధి ప్రబలి 60 మందికి పైగా మరణించారు. ఆ కల్తీ నూనెను ఒంటికి రాసినా చర్మం గుండా విషం లోపలికి చేరుతుందని వైద్య సాహిత్యంలో నమోదైంది. శిశువులకు ఆవనూనె అక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే వేరే కారణాలు వెతకనవసరం లేదు.

హాయి ఎక్కడి నుంచి వస్తుంది

రోమాలున్న చర్మంలో నెమ్మదైన, మృదువైన స్పర్శకు మాత్రమే స్పందించే ప్రత్యేక నాడీతంతువులు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, చర్మపు వేడికి దగ్గరగా ఉన్న చేత్తో నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయి. ఆ వేగం దాటినా, దానికి తగ్గినా స్పందన పడిపోతుంది. వాటి సంకేతాలు మెదడులో భావోద్వేగాలకు సంబంధించిన భాగాలకు చేరతాయి. నూనె లేని చెయ్యి ఇంత నెమ్మదిగా ఎక్కువసేపు నడిస్తే చర్మం లాగుతుంది. నూనె ఆ లాగుడును తీసేసి స్పర్శను సమంగా ఉంచుతుంది. గోరువెచ్చగా చేసి రాయమన్న పెద్దల మాటకు ఇక్కడ ఆధారం దొరుకుతుంది.

మర్దన తర్వాత ఆందోళన తగ్గినట్టు అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అయితే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ బాగా పడిపోతుందన్న ప్రచారం అంత గట్టిది కాదు. ఆ పరిశీలనలన్నిటినీ కలిపి లెక్క చూసినప్పుడు కార్టిసాల్ తగ్గుదల చాలా స్వల్పమని తేలింది. హాయి నిజమే, దానికి చెప్పే కారణం మాత్రం ఎప్పుడూ నిజం కాదు. ఫలానా నూనె వాడితేనే ఒత్తిడి తగ్గుతుందన్న మాటకు బలమైన రుజువు లేదు. తెలిసిన చెయ్యి, నెమ్మదైన నడక, వెచ్చని గది ఉంటే తక్కువ ధర నూనెతోనూ ఆ ఫలితం అందుతుంది.

పరిమళం, కర్పూరం, నొప్పి తైలాలు

లావెండర్, నిమ్మగడ్డి, నారింజ వంటి సుగంధ తైలాలను నేరుగా చర్మానికి రాయకూడదు. మర్దన నూనెలో సాధారణంగా 1 నుంచి 3 శాతం దాకా మాత్రమే కలుపుతారు. 30 మిల్లీలీటర్ల నూనెకు సుమారు 6 చుక్కలు వేస్తే అది 1 శాతం. లావెండర్‌లోని లినలూల్, నారింజలోని లిమొనీన్ గాలి తగిలి పాతబడేకొద్దీ అలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి. ఏళ్ళ తరబడి దాచిన చిన్న సీసా అందుకే పనికిరాదు. బెర్గమాట్ వంటి కొన్ని పుల్లజాతి తైలాలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కందిపోతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కర్పూరంపై పెట్టాలి. పిల్లలకు జలుబు చేస్తే కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి, వీపుకు రాయడం మన ఇళ్ళలో ఎంతో మామూలు విషయం. కర్పూరం చర్మం గుండానూ, ఆవిరి రూపంలో ఊపిరి ద్వారానూ ఒంట్లోకి చేరుతుంది. మోతాదు మించితే పసిపిల్లలకు మూర్ఛలు రావచ్చు. అమెరికా 1983 నుంచి ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. ఇంట్లో కళ్ళతో చూసి వేసే బిళ్ళలకు అలాంటి కొలత ఉండదు. రెండేళ్ళ లోపు పిల్లలకు కర్పూరం పూర్తిగా మానడమే సరైన పని.

కీళ్ళనొప్పులకు రాసే తైలాల్లో ఉండే వింటర్‌గ్రీన్ తైలం, లేబుళ్ళపై గంధపుర తైలం అని కూడా కనిపించేది, దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే. దాన్ని 5 మిల్లీలీటర్లు మింగితే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. అంటే 300 మిల్లీగ్రాముల మాత్రలు ఇరవైకి పైగా. పిల్లలకు అందకుండా ఉంచవలసిన వస్తువు అది. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతున్న పెద్దలు ఇలాంటి తైలాన్ని రోజూ ఒంటికి పట్టిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది కాబట్టి వైద్యునికి ముందే చెప్పాలి.

పసిపిల్లల విషయంలో

శిశువుల మర్దనపై మన దేశంలో జరిగిన ఒక పరిశీలన 2000లో వెలువడింది. నెలలు నిండి పుట్టిన 125 మంది శిశువులను, సుమారు ఆరు వారాల వయసు నుంచి నాలుగు వారాల పాటు, నువ్వుల నూనె, ఆవనూనె, మూలికల నూనె, మినరల్ ఆయిల్ వాడే జట్లుగానూ, మర్దన లేని జట్టుగానూ విడదీసి చూశారు. మర్దన తర్వాత నిద్ర మెరుగుపడింది. ఎదుగుదల, తొడలోని ధమనిలో రక్తప్రవాహం విషయంలో నువ్వుల నూనె ముందుంది. ఒక్కో జట్టులో ఉన్నది కొద్దిమందే కనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోలేం గాని, ఉన్న ఆధారాల్లో మన వాడుకకు దగ్గరగా ఉన్నది ఇదే.

బాగా శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ మీద ఉన్న భయం అతిశయమైనది. అది కనరు పట్టదు, అలర్జీ అరుదు. బేబీ ఆయిళ్ళతో దద్దుర్లు వచ్చినప్పుడు కారణం తరచుగా అందులోని పరిమళం. వేరుశనగ నూనె గురించి మాత్రం రాయలసీమ వంటి ప్రాంతాల్లో, గానుగ నూనె చేతికి సులువుగా అందే చోట, ఒక మాట గుర్తుంచుకోవాలి. వేరుశనగ నూనె కలిసిన లేపనాలు చర్మానికి వాడిన పిల్లల్లో ఆ తర్వాత వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించిందని 2003లో బ్రిటన్‌లో గుర్తించారు. పగిలిన చర్మం గుండా ఆ ప్రోటీన్‌ను మొదటిసారి ఎదుర్కొన్న రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందన్నది దీనికి చెప్పే వివరణ. శుద్ధి చేయని గానుగ నూనెల్లో ప్రోటీన్ కొంత ఎక్కువగా మిగులుతుంది. తామర ఉన్న పిల్లలకు నువ్వుల గానుగ నూనె విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఎండాకాలంలో, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో, చిక్కని నూనె ఒంటిపై వదిలేస్తే చెమటకాయలు పెరుగుతాయి. ఆ నెలల్లో పలచగా రాసి, స్నానంలో మెల్లగా కడిగేయడం మేలు. నలుగు పెట్టేటప్పుడు సున్నిపిండి గరుకుగా ఉంటే లేత చర్మం గీసుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా పసివారి ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం మానాలి. ముక్కులో వేసిన నూనె దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారి, మామూలు మందులకు లొంగని న్యుమోనియాకు దారితీస్తుంది.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

పొడిచర్మం ఉన్న పెద్దలకు నువ్వుల నూనె గాని కొబ్బరి నూనె గాని సరిపోతుంది. జిడ్డుచర్మం, మొటిమలు ఉన్నవారు పలచని, లినోలీక్ ఎక్కువున్న పొద్దుతిరుగుడు లేదా ద్రాక్ష గింజల నూనెను ముఖం తప్పించి వాడుకోవచ్చు. బాదం నూనెలో ఒలీక్ ఆమ్లమే ఎక్కువ. మామూలు చర్మానికి దాని వల్ల ఇబ్బంది లేకపోయినా, దాని ధరకు తగిన అదనపు లాభం చర్మానికి అందుతుందని చెప్పలేం. ఆయుర్వేద తైలాల్లో క్షీరబల, మహానారాయణ, ధన్వంతర తైలాలు మూలికల కల్కం (నూరిన ముద్ద) ఒక వంతు, నూనె నాలుగు వంతులు, కషాయం లేదా పాలు వంటి ద్రవం పదహారు వంతులు అన్న సాధారణ కొలతతో కాచి చేసేవి. అవి మందులు, కనుక లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, పదార్థాల జాబితా లేని సీసాను, ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, కొనకూడదు.

జ్వరం, చర్మంపై చీము, కాలిలో రక్తపు గడ్డ ఉన్నట్టు అనుమానం ఉన్నప్పుడు మర్దన చేయకూడదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నూనె వేడి తెలియదు. వారికి రాసేవారు ముందు తమ ముంజేతిపై వేసుకుని చూడాలి. వృద్ధులకు నూనె రాసి స్నానాల గదిలోకి పంపేటప్పుడు పాదాలు తుడవడం, నేలపై రబ్బరు చాప వేయడం నూనె ఎంపికంత ముఖ్యం. నూనెను వెలుతురు తగలని చోట, మూత బిగించి ఉంచాలి. వాసన మారితే ఒంటికైనా వాడకూడదు, ఎందుకంటే పాడైన నూనెలోని పెరాక్సైడ్లు చర్మాన్ని రేపుతాయి. కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు ఒక రూపాయి బిళ్ళంత మేర రాసి, 24 నుంచి 48 గంటలు ఆగి, ఎరుపు, దురద, పొక్కులు లేవని చూసుకున్న తర్వాతే మిగతా ఒంటికి పట్టించాలి.